టీనేజ్ ఆడపిల్లకి ఏ క్రైస్తవ పుస్తకం మేలు?

సండే స్కూల్ బహుమతులు కొనేటప్పుడు మన సంఘాల్లో ఓ అలవాటుంది. మగపిల్లలకి దావీదు, దానియేలు కథలు. అమ్మాయిలకి గులాబీ రంగు అట్ట, లోపల అణకువ గురించీ, బట్టల గురించీ, కాబోయే భర్త కోసం చేయాల్సిన ప్రార్థన గురించీ పాఠాలు. పద్నాలుగేళ్ల పిల్ల నాలుగు పేజీలు తిరగేసి అలమరలో పడేస్తుంది. తప్పు పిల్లది కాదు. అందుకే అమ్మాయిల కోసమని ప్రత్యేకంగా రాయకపోయినా వాళ్లకి బాగా పట్టే నాలుగు పుస్తకాలు పక్కపక్కన పెట్టి చూశాను. అందులో ఆడపిల్ల సొంతంగా ఆలోచిస్తుందా లేదా అన్నదే నా కొలత.

పదేళ్ల లోపు వాళ్లకైతే సి.ఎస్. లూయిస్ నార్నియా కథలు చాలు. 1950లో వచ్చిన మొదటి పుస్తకంలో ఆస్లాన్ అనే సింహం ప్రాణం ఇవ్వడానికి వెళ్తున్న రాత్రి, వెంట నడిచేది సూసన్, లూసీ అనే అక్కాచెల్లెళ్లే. సిలువ దగ్గర నిలబడ్డ స్త్రీలు ఎవరూ చెప్పకుండానే గుర్తొస్తారు. కానీ 1956 నాటి చివరి పుస్తకంలో అదే సూసన్‌కి లిప్‌స్టిక్, నైలాన్ మేజోళ్లు, పార్టీ పిలుపులు తప్ప ఇంకేమీ పట్టవని రెండు మాటల్లో పక్కన పెట్టేస్తారు. టీనేజ్ పిల్లకి అక్కడ చురుక్కుమంటుంది.

'యాత్రికుని ప్రయాణము' సంగతి వేరు. జాన్ బనియన్ 1678లో అచ్చు వేయించిన మొదటి భాగంలో క్రిస్టియన్ అనే కథానాయకుడు చెవుల్లో వేళ్లు పెట్టుకుని, భార్యాపిల్లల పిలుపు వినకుండా పరుగెత్తుతాడు. 1684 నాటి రెండో భాగంలో ఆ భార్యాపిల్లలే బయల్దేరతారు, తోడుగా మెర్సీ అనే పడుచు వస్తుంది. మెర్సీ ఎప్పుడు చూసినా ఏదో ఒకటి కుడుతూనే ఉంటుంది. పనిమంతురాలు, సంసారానికి పనికొస్తుందని బ్రిస్క్ అనే అతను వెంటపడతాడు. రోజుకి ఎంత సంపాదిస్తావని అడుగుతాడు. ఇవన్నీ బట్టల్లేనివాళ్లకి ఇచ్చేస్తానని ఆమె అనగానే అతని రాకపోకలు ఆగిపోతాయి. పైగా, పిల్ల అందంగానే ఉంది గానీ బుద్ధి బాగోలేదని ఊళ్లో చెప్తాడు! మన పెళ్లిచూపులు చూసి రాశాడా అనిపిస్తుంది. చిక్కల్లా భాషతోనే. ఎనిమిదో తరగతి పిల్ల ఒంటరిగా చదవలేదు, పెద్దవాళ్లు చదివి వినిపించాలి. కొనేముందు రెండో భాగం ఉందో లేదో కూడా చూసుకోండి.

పద్నాలుగేళ్ల పిల్లకి ఒకే పుస్తకం అంటే మాత్రం నా ఓటు కోరీ టెన్ బూమ్ 'ది హైడింగ్ ప్లేస్'కే (1971). హాలండ్‌లోని హార్లెమ్ ఊళ్లో నాన్నతో కలిసి గడియారాలు బాగుచేసే ఈమె, యాభై దాటాక నాజీల నుంచి యూదుల్ని ఇంట్లో దాచింది. పెళ్లి కాలేదు. ప్రేమించిన కారెల్ డబ్బున్న అమ్మాయిని చేసుకోబోతూ, ఆమెను వెంటబెట్టుకునే కోరీ ఇంటికొస్తాడు. కోరీ బతుకు అక్కడితో అయిపోలేదన్నది మన పిల్లలు చదవాల్సిన విషయం.

చర్చకి మంచి ఘట్టం ఇంకోటుంది. యువకుల్ని పట్టుకెళ్లడానికి వచ్చిన నాజీ సైనికులు నీ అన్నదమ్ములు ఎక్కడని అడిగితే, అబద్ధం ఆడకూడదని నేర్చుకున్న కోరీ మేనకోడలు "బల్ల కింద" అనేస్తుంది. వాళ్లు బల్లగుడ్డ లేపి చూస్తే ఎవరూ ఉండరు. దాక్కున్నది బల్ల కింద నేల అడుగున! పిల్ల పగలబడి నవ్వుతుంది, తమని వెక్కిరించిందనుకుని వాళ్లు వెళ్లిపోతారు. నిజం చెప్పడం రైటా, ప్రాణాలు కాపాడటం ముందా? పుస్తకం ఒక్క జవాబు రుద్దదు. కోరీ పట్టుబడ్డాక గడిపిన రావెన్స్‌బ్రూక్ అనే నాజీ ఖైదు క్యాంపు అధ్యాయాలు మాత్రం కష్టంగా ఉంటాయి. కోరీ అక్క బెట్సీ 1944 డిసెంబరులో అక్కడే చనిపోతుంది. ఖైదీ స్త్రీలని కాపలావాళ్ల ముందు బట్టలు విప్పి నిలబెట్టిన సంగతులున్నాయి. అమ్మ ముందు చదివి ఇస్తే మంచిది.

ఇంటర్‌కి వచ్చిన అమ్మాయికైతే హిందూ కుటుంబంలో పుట్టి క్రైస్తవురాలైన సంస్కృత పండితురాలు పండిత రమాబాయి 1907లో రాసుకున్న సాక్ష్యం, అంటే తన విశ్వాసం కథ, ఇవ్వండి. చిన్న పుస్తకమే, కథలా పరుగెత్తదు. కరువులో అడవిలో ఆకులూ నీళ్లతో పదకొండు రోజులు గడిపిన ఇల్లు అది. 1883లో ఇంగ్లండ్‌లో బాప్తిస్మం తీసుకున్నాక కూడా తనకి దొరికింది క్రైస్తవ మతమే గానీ క్రీస్తు కాదని, ఆయన దొరకడానికి ఇంకా కొన్నేళ్లు పట్టిందని ఆవిడ నిర్మొహమాటంగా రాశారు. పుట్టు క్రైస్తవుల ఇంట్లో పెరిగి, సండే స్కూల్ వాక్యాలన్నీ కంఠతా వచ్చి, లోపల ఏమీ అనిపించడం లేదని ఎవరికీ చెప్పుకోలేక టెన్షన్ పడే అమ్మాయిలకి ఈ ఒక్క పేజీ చాలు. కోరీ పుస్తకం ఇచ్చిన రెండేళ్లకి ఇది ఇవ్వండి, ముందు వద్దు.