ప్రపంచ చరిత్ర నోట్స్ (తెలుగు మీడియం): మ్యాపులు బాగున్నాయి, బానిసత్వం చాప్టర్‌ను మాత్రం నమ్మకండి

మహబూబ్‌నగర్ క్లాక్ టవర్ దగ్గర పుస్తకాల షాపుల్లో, సివిల్స్ తెలుగు మీడియం వాళ్ల కోసం ఒక కోచింగ్ సెంటర్ వేసిన ప్రపంచ చరిత్ర నోట్స్ దొరుకుతోంది. సెంటర్ పేరు రాయట్లేదు. ధర 350 రూపాయలు. ప్రింట్ శుభ్రంగా ఉంది, మ్యాపులు నిజంగా బాగున్నాయి, ఫ్రెంచి విప్లవం, రెండు ప్రపంచ యుద్ధాలు పరీక్షకు సరిపోతాయి. స్పైరల్ బైండింగ్ త్వరగానే ఊడిపోతుంది.

నా గొడవంతా బానిసత్వం, వలసపాలన చాప్టర్‌తోనే. యూరప్ వాళ్లకు మొదటి నుంచీ నల్లవాళ్లంటే చిన్నచూపు, పైగా ఆఫ్రికన్లు ఎండకు తట్టుకుంటారు, అందుకే తోటల్లో బానిసలుగా పెట్టుకున్నారు అని రాశారు. ఇది తలకిందుల చరిత్ర. ఎండకు తట్టుకుంటారన్నది తోటల యజమానులు తమను తాము సమర్థించుకోవడానికి చెప్పిన మాట. దాన్ని మన పిల్లలు కారణం అని జవాబు పత్రంలో రాయాలా?

కరీబియన్ దీవి బార్బడోస్‌లో మొదట పొగాకు, పత్తి తోటల్లో ఎక్కువగా పనిచేసింది ఇంగ్లండ్, ఐర్లండ్ నుంచి ఒప్పందం మీద వచ్చిన తెల్ల కూలీలే. 1640ల్లో చెరకు వచ్చింది. కోసిన చెరకును వెంటనే గానుగ ఆడాలి, రాత్రింబగళ్లు రసం కాయాలి, మనుషులు కొన్నేళ్లకే ప్రాణాలు పోగొట్టుకునే పని అది. గడువు తీరగానే వెళ్లిపోయే కూలీ కంటే జన్మంతా పడి ఉండే మనిషి, ఆ మనిషి పిల్లలు కూడా తమ ఆస్తే అయితే లాభమని లెక్కలు వేసుకున్నారు, 1661లో అక్కడ బానిసల చట్టం చేశారు. ఉత్తర అమెరికాలోని ఇంగ్లిష్ వలస వర్జీనియాలో 1662 చట్టం తల్లి బానిసైతే బిడ్డా బానిసే అంది, 1667లో బాప్తిస్మం తీసుకున్నా విడుదల లేదన్నారు. 1676లో అక్కడి గవర్నర్ మీద బేకన్ అనే తోటల యజమాని లేపిన తిరుగుబాటులో తెల్ల కూలీలు, నల్ల బానిసలు కలిసి ఆయుధాలు పట్టేసరికి దొరలకు భయం పట్టుకుంది. 1691లో తెల్లవాళ్లకూ నల్లవాళ్లకూ పెళ్లిళ్లు నిషేధించారు, 1705 నాటికి రంగును బట్టి ఎవరికి ఏ హక్కు ఉండాలో మొత్తం చట్టంలో రాసేశారు. దీనికి సిద్ధాంతం అల్లింది ఇంకా తర్వాత. జమైకాలో తోటలున్న ఎడ్వర్డ్ లాంగ్, ఆఫ్రికన్లు వేరే జీవజాతి అని 1774లో రాశాడు. 1851లో లూసియానాలో కార్ట్‌రైట్ అనే డాక్టరైతే బానిస పారిపోవడమే ఒక రోగం అని దానికి పేరు కూడా పెట్టాడు! అంతకుముందు చిన్నచూపు అసలు లేదని నేను అనట్లేదు, కానీ దాన్ని చట్టంగా, శాస్త్రంగా మార్చింది చెరకు, పొగాకు, పత్తి లాభాలే.

ఇది అర్థం కావడానికి మన దక్కన్ చాలు. ఇథియోపియాలో పుట్టి బానిసగా అమ్ముడుపోయిన మాలిక్ అంబర్ అహ్మద్‌నగర్ రాజ్యాన్నే నడిపాడు, 1626లో చనిపోయేదాకా మొఘలులకు కొరకరాని కొయ్యగా ఉన్నాడు. మన వనపర్తి రాజా దగ్గర ఆఫ్రికన్ సైనిక దళం ఉండేది, అది తర్వాత నిజాం సైన్యంలో చేరింది, హైదరాబాద్‌లో ఏసీ గార్డ్స్ (ఆఫ్రికన్ కావల్రీ గార్డ్స్) అనే పేట పేరు వాళ్లదే. బానిసత్వం ఇక్కడా ఉంది, అది మంచిదని కాదు, కానీ రంగు చూసి తరతరాలకూ మనిషి కాదని తేల్చిన పద్ధతి తోటల నుంచే వచ్చింది. పాలమూరు విద్యార్థుల కోసం వేసిన నోట్స్‌లో వనపర్తి మాటే లేకపోతే ఎలా?

అట్లాంటిక్ మీదుగా ఓడలెక్కించింది సుమారు కోటీ 25 లక్షల మందిని, ప్రాణాలతో దిగింది కోటీ 7 లక్షల మంది. ఈ అంకెలు నోట్స్‌లో సరిగ్గానే ఉన్నాయి. వాళ్లను కొనడానికి ఆఫ్రికా తీరంలో ఇచ్చిన సరుకుల్లో కోరమాండల్ తీరం నుంచి వెళ్లిన నూలు బట్టలు ముఖ్యమైనవి, ఆ సంగతి మాత్రం వదిలేశారు. నల్గొండ జిల్లా చేనేత ఇళ్ల పిల్లలు ఎందరో చదివే పుస్తకం ఇది.

రద్దు గురించి రెండే వాక్యాలు. 1833లో బ్రిటన్ దయతో రద్దు చేసిందట. హైతీలో బానిసలు 1791లో తిరగబడి 1804లో స్వతంత్ర దేశం తెచ్చుకున్న సంగతి లేదు. బ్రిటన్ 2 కోట్ల పౌండ్లు నష్టపరిహారం ఇచ్చింది యజమానులకు, బానిసలకు పైసా ఇవ్వలేదు. అందుకోసం చేసిన అప్పు తాలూకు చెల్లింపులు 2015లో గానీ పూర్తి కాలేదు. రద్దు తర్వాత చెరకు తోటల్లోకి మనవాళ్లను ఒప్పందం కూలీలుగా పంపారు, 1834 నుంచి మారిషస్‌కు, 1860లో మద్రాసు నుంచి దక్షిణాఫ్రికాలోని నటాల్‌కు, ఆ ఓడల్లో తెలుగువాళ్లూ ఉన్నారు. వాళ్లు బానిసలు కారు, ఆ తేడా తేడానే. అయినా గుంపు మేస్త్రీ దగ్గర అడ్వాన్సు తీసుకుని ఊరు దాటిన పాలమూరు లేబర్ కుటుంబాలకు ఆ ఒప్పందం కాగితం ఎలా పనిచేసిందో వేరే చెప్పక్కర్లేదు.

మ్యాపులు, యుద్ధాల చాప్టర్ల కోసం కొనండి, రెండు స్టార్లు ఇస్తున్నా. సెంటర్ వాళ్లు ఇది చదివితే, కొత్త ఎడిషన్‌కు ముందు ఆ చాప్టర్‌ను చరిత్ర లెక్చరర్ ఎవరితోనైనా మళ్లీ రాయించండి, ఇప్పటికే కొన్నవాళ్లకు ఆ పేజీలు విడిగా ఫ్రీగా ఇవ్వండి.