ఆగిపోయిన పాత కారు: అమ్మాలా, స్క్రాప్‌కు వేయాలా?

హన్మకొండ, కాజీపేటల్లో ఏ కాలనీకి పోయినా ప్రహరీ పక్కన కదలని కారు ఒకటి కనిపిస్తుంది. పాత ఏపీ 36 నంబరు, గాలి దిగిన టైర్లు, బానెట్ ఎత్తితే ఎలుకలు కొరికిన వైర్లు. అమ్ముదామంటే బేరం కుదరదు, స్క్రాప్‌కు వేద్దామంటే మనసొప్పదు. ఈలోగా ఒక్కో వానాకాలం గడిచేకొద్దీ ఫ్లోర్ తుప్పు పట్టి, వచ్చే నాలుగు పైసలు కూడా తగ్గిపోతుంటాయి.

ధర అడగకముందే ఆర్సీ తీసి గడువు తేదీ చూడండి. సొంత కారుకు రిజిస్ట్రేషన్ 15 ఏళ్లు ఉంటుంది. 2012లో రిజిస్టర్ అయిన బండికి 2027 దాకా గడువుంది. 2009 బండికి 2024లోనే తీరిపోయింది. సగం లెక్క ఇక్కడే తేలుతుంది.

గడువున్న బండయితే అమ్మడమే మేలు, ఇంజిన్ పోయినా సరే. గేర్‌బాక్స్, డోర్లు, ఏసీ కంప్రెసర్ బాగుంటే ఆటోనగర్ మెకానిక్‌లు విడిభాగాల లెక్కన ధర కడతారు, అది ఇనుము ధర కంటే ఎక్కువే ఉంటుంది. బాగు చేయించి అమ్ముదామనే ఆశ మాత్రం వద్దు. ఇంజిన్ బోరు, క్లచ్, నాలుగు టైర్లు అంటూ పెట్టింది తిరిగి రాదు, కొనేవాళ్లు మోడల్ సంవత్సరం చూస్తారు గానీ మన బిల్లులు చూడరు. ఒక్క బ్యాటరీ వేయిస్తే చాలు. స్టార్టయి పది అడుగులు ముందుకూ వెనక్కూ కదిలే బండికీ, తాడు కట్టి లాగాల్సిన బండికీ బేరంలో చాలా తేడా వస్తుంది.

గడువు తీరిన బండి సంగతి వేరు. 15 ఏళ్లు దాటితే బండి తీసేయాల్సిందేనని చాలామంది భయపెడతారు. పెట్రోలు బండికి 15, డీజిల్ బండికి 10 ఏళ్లన్న రూలు ఢిల్లీ చుట్టుపక్కలది. మన దగ్గర తనిఖీ చేయించి, గ్రీన్ ట్యాక్స్ కట్టి మరో ఐదేళ్లకు రెన్యువల్ చేసుకోవచ్చు. కానీ 600 రూపాయలున్న కారు రెన్యువల్ ఫీజు 2022 ఏప్రిల్ నుంచి 5,000 అయింది. పైగా తనిఖీకి బండి నడవాలి. నడవని బండికి రెన్యువల్ లేదు, రెన్యువల్ లేకపోతే ఆర్సీలో పేరు మారదు.

అసలు ప్రమాదం ఇక్కడే ఉంది. "కాగితాలు తర్వాత చూసుకుందాం అన్నా, టెన్షన్ పడకు, ముందు బండి తీస్కపోత" అని పైసలు చేతిలో పెట్టేవాళ్లు ఉంటారు. ఆ మాట విని బండి పంపిస్తే ఆర్సీ మీద మన పేరే ఉండిపోతుంది. 2018లో నవీన్ కుమార్, విజయ్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది ఇదే. మొదటి ఓనరు బండి అమ్మేశాక అది ఎన్నో చేతులు మారింది, తర్వాత ప్రమాదం జరిగింది. ఆర్సీలో పేరున్న మొదటి ఓనరే పరిహారానికి బాధ్యుడని కోర్టు తేల్చింది. కాబట్టి అమ్మితే పేరు మార్పిడికి వాడే ఫారం 29, 30 మీద సంతకాలతో సరిపెట్టుకోకండి, ఆన్‌లైన్‌లో పేరు మారిందో లేదో మీరే చూసుకోండి.

ఇక స్క్రాప్. పాత ఇనుప సామాన్ల దుకాణంలో తూకానికి వేయడం తేలిక. చిన్న కారు 700 కిలోలుందనుకుందాం. కిలో 25 రూపాయల చొప్పున 17,500 అవుతుందని మనం లెక్క వేసుకుంటాం. సీట్లు, గాజు, రబ్బరు తీసేస్తే అంత రాదు. పైగా ఆర్సీ రద్దు పని మన నెత్తినే ఉంటుంది: వాడకానికి పనికిరాని బండి గురించి 14 రోజుల్లో ఆర్టీఏకు తెలపాలని మోటారు వాహన చట్టం 55వ సెక్షన్ చెబుతోంది. అది చేయకపోతే ఆ ఛాసిస్ నంబరు ఇంకో బండి మీద తేలినా మనకు తెలియదు.

అందుకే గడువు తీరి, నడవని కారుకు రిజిస్టర్డ్ స్క్రాపింగ్ సెంటరే మేలని నేను గట్టిగా చెబుతాను. కేంద్రం 2021లో తెచ్చిన నిబంధనల ప్రకారం వాళ్లు బండి దొంగసొత్తు కాదని సరిచూసుకుని తీసుకుంటారు, బండి అప్పగించినట్టు సర్టిఫికెట్ ఆఫ్ డిపాజిట్ ఇస్తారు. దాంతో కొత్త బండికి రిజిస్ట్రేషన్ ఫీజు మినహాయింపు, కేంద్ర నిబంధనల మేరకు ట్యాక్స్‌లో 25 శాతం దాకా రాయితీకి వీలుంది. తెలంగాణ కూడా 2024లో ఈ విధానంలోకి వచ్చింది. కొత్త కారు కొనే ఉద్దేశం లేకపోతే ఆ సర్టిఫికెట్‌ను వేరేవాళ్లకు బదిలీ చేయవచ్చు. బండిని వాళ్లే తీసుకెళ్తారా, మనమే పంపాలా అన్నది ముందే అడగండి. వరంగల్ నుంచి హైదరాబాద్ దాకా టోయింగ్ మన ఖర్చయితే వచ్చే ధరలో మంచి భాగం దారిలోనే పోతుంది. లోన్ తీరిపోయినా ఆర్సీలో బ్యాంకు పేరుంటే ముందు అది తీయించాలి, దీనికే ఎక్కువ టైం పడుతుంది.

ఏ దారిలో వెళ్లినా బండి ఇచ్చేశాక ఫాస్టాగ్ మూయించండి. ఫుల్ ఇన్సూరెన్స్ నడుస్తుంటే నో క్లెయిమ్ బోనస్ లెటర్ తీసుకోండి. ఆ బోనస్ బండిది కాదు, మనది. మూడేళ్లలోపు కొత్త కారు కొంటే ప్రీమియంలో తగ్గింపు వస్తుంది.