గేమ్ మధ్యలో కంప్యూటర్ ఆగిపోతుంటే: ఎస్‌ఎంపీఎస్ మార్చడం మేలా, గ్రాఫిక్స్ కార్డు పవర్ తగ్గించడం మేలా?

డెస్క్‌టాప్ మీద ఎంతసేపు పనిచేసినా ఏమీ కాదు. సినిమాలు, బ్రౌజింగ్, ఆఫీసు పని అన్నీ సాఫీగా సాగిపోతాయి. పెద్ద గేమ్ తెరిచి, పోరాటం ఊపందుకునేసరికి మాత్రం కంప్యూటర్ టప్పున ఆగిపోతుంది. ఈ మధ్య నన్ను అడుగుతున్నవాళ్లలో ఎక్కువమంది బాధ ఇదే. ప్రశ్న కూడా ఒకటే: కొత్త ఎస్‌ఎంపీఎస్ (కంప్యూటర్ భాగాలన్నిటికీ కరెంటు అందించే పెట్టె) కొనాలా, ఆఫ్టర్‌బర్నర్ అనే సాఫ్ట్‌వేర్‌లో గ్రాఫిక్స్ కార్డు పవర్ తగ్గించుకుని సరిపెట్టుకోవాలా, షాపులో థర్మల్ పేస్టు (చిప్పు వేడిని హీట్‌సింకుకు చేర్చే ముద్ద) మార్పించాలా, విండోస్ మళ్లీ వేయాలా? నా మొగ్గు ఎటో ముందే చెబుతాను. కంప్యూటర్ మొత్తం ఆగిపోతూ, ఎస్‌ఎంపీఎస్ కూడా పాతబడి ఉంటే నేను దాన్నే మారుస్తాను. అయితే కార్డు పవర్ తగ్గించి చూడనిదే జేబులోంచి ఒక్క రూపాయి తీయను.

ఈ నాలుగింటిలో ఏది మేలన్నది కార్డు ధరను బట్టో, ఎస్‌ఎంపీఎస్ మీద రాసిన వాట్లను బట్టో తేలదు. కంప్యూటర్ ఏ విధంగా ఆగిందో చూస్తే సగం జవాబు అక్కడే దొరుకుతుంది. చాలామంది ‘క్రాష్ అయింది’ అని ఒక్కమాటలో తేల్చేస్తారు. కానీ ఇందులో మూడు రకాలున్నాయి. కరెంటు పోయినట్టు లైట్లు, ఫ్యాన్లు అన్నీ ఒక్కసారిగా ఆరిపోవడం, లేదా దానంతటదే రీస్టార్ట్ కావడం ఒకటి. స్క్రీను నల్లబడి, కార్డు ఫ్యాన్లు హోరుమని తిరుగుతూ, గేమ్ శబ్దం కాసేపు వినిపిస్తూ ఉండటం రెండోది. గేమ్ ఒక్కటే మూతపడి డెస్క్‌టాప్ కనిపించడం మూడోది. మొదటి రకంలో అనుమానం ఎస్‌ఎంపీఎస్ మీదికి, దానికి ముందున్న కరెంటు దారి మీదికి వెళుతుంది. మూడో రకంలో డ్రైవరు, కార్డు వేగం, ర్యామ్, ప్రాసెసర్ మీదికి వెళుతుంది. రెండోది మధ్యస్థం. కార్డు వెనుక గుచ్చిన పవర్ కేబుళ్ల నుంచి కార్డు లోపలి చిప్పు దాకా ఏదైనా కారణం కావచ్చు.

విండోస్ తనలో జరిగిన తప్పులను రాసుకునే ఈవెంట్ వ్యూయర్ తెరిచి చూడమంటే చాలామంది ‘కెర్నల్-పవర్ 41’ అని ఎర్రగా ఉన్న వరుసను ఫొటో తీసి పంపుతారు, ఎస్‌ఎంపీఎస్ పోయిందనడానికి అదే రుజువన్నట్టు. కాదు. కిందటిసారి విండోస్ సరైన పద్ధతిలో మూతపడలేదని చెప్పడమే ఆ వరుస పని. మీరు ప్లగ్గు పీకేసినా అదే వస్తుంది. దానికన్నా, ఆ సమయానికి కాస్త ముందు 4101 నంబరు ఉందేమో చూడండి. కార్డు నుంచి 2 సెకన్ల పాటు జవాబు రాకపోతే విండోస్ డిస్‌ప్లే డ్రైవరును ఆపి మళ్లీ లేపే ప్రయత్నం చేస్తుంది, అప్పుడు పడే వరుస అది. అది ఉంటే కంప్యూటర్‌కు కరెంటు అందుతూనే ఉందన్నమాట, తడబడింది కార్డు. 41కి ముందు ఏ ఫిర్యాదూ లేకుండా అంతా నిశ్శబ్దంగా ఉంటే, రాసుకునేంత వ్యవధి కూడా విండోస్‌కు దొరకలేదని అర్థం. నేను ఎస్‌ఎంపీఎస్ వైపు మొగ్గేది అలాంటప్పుడే.

‘నాది 650 వాట్లు, కార్డు తినేది 320 వాట్లే, ఎందుకు చాలదు?’ అనే మాట తరచూ వింటాను. లెక్క తప్పేమీ కాదు, కానీ అది సగటు లెక్క. ఆర్‌టీఎక్స్ 3080 కార్డుకు దాని తయారీదారు ఎన్విడియా చెప్పిన 320 వాట్లు సగటున వాడుకునే పవర్. గేమ్‌లో ఒక్కో ఫ్రేముకూ (తెర మీద వెంటవెంటనే మారే ఒక్కో బొమ్మకూ) పని ఎగుడుదిగుడుగా వచ్చిపడుతుంది కాబట్టి, మిల్లీసెకనులో చిన్న భాగం పాటు కార్డు అంతకు చాలా ఎక్కువ లాగేస్తుంది. ఎస్‌ఎంపీఎస్‌లోని రక్షణ సర్క్యూట్ ఆ ఉరుకును షార్ట్ సర్క్యూట్‌గానో ఓవర్‌లోడ్‌గానో భావించి అంతా ఆపేస్తుంది. వేడి, పవర్ కొలిచి చూపే హెచ్‌డబ్ల్యూఇన్ఫో లాంటి సాఫ్ట్‌వేర్లలో ఇది కనిపించదు, అవి అంత వేగంగా కొలవలేవు. ఇంటెల్ 2022లో తెచ్చిన ఏటీఎక్స్ 3.0 అనే ఎస్‌ఎంపీఎస్ ప్రమాణం పుట్టడానికి ఒక ముఖ్య కారణం ఇదే. గ్రాఫిక్స్ కార్డుకు పవర్ ఇచ్చే కొత్త 12వీహెచ్‌పీడబ్ల్యూఆర్ కనెక్టరున్న ఎస్‌ఎంపీఎస్ తన సామర్థ్యానికి రెట్టింపు ఉరుకును 100 మైక్రోసెకన్ల పాటు తట్టుకోవాలని అందులో రాశారు. అంతకుముందు తయారైన వాటిలో ఈ తట్టుకునే గుణం కంపెనీని బట్టి, మోడల్‌ను బట్టి మారిపోతుంది.

కార్డు మీద బరువు పెట్టి పరీక్షించే ఫర్‌మార్క్ సాఫ్ట్‌వేర్ అరగంట నడిచినా ఏమీ కాలేదు, గేమ్ మాత్రం పది నిమిషాలకే ఆపేస్తోంది అనడం కూడా ఇక్కడే అర్థమవుతుంది. ఫర్‌మార్క్ బరువు ఎక్కువే, కానీ నిలకడైన బరువు. గేమ్ బరువు క్షణక్షణానికీ మారుతుంది. లోడింగ్ తెరల దగ్గర, మెనూల దగ్గర ఫ్రేములకు హద్దు పెట్టకపోతే అవి వందల్లో, వేలల్లో పరుగెడతాయి. పరీక్ష చేసే ముందు ఫ్రేములను మానిటర్ రిఫ్రెష్ రేటుకు (సెకనుకు తెర ఎన్నిసార్లు మారుతుందో ఆ అంకెకు) కట్టేసి చూడండి. ఖర్చు లేని పని, కొందరికి దాంతోనే కుదుటపడుతుంది.

ఎస్‌ఎంపీఎస్ మీద నేరం మోపే ముందు యూపీఎస్ సంగతి చూడాలి. మన ఇళ్లలో దీన్ని పట్టించుకునేవాళ్లు తక్కువ. ఎప్పుడో ఆఫీసు పనికని కొన్న 600 వీఏ యూపీఎస్‌కే గేమింగ్ కంప్యూటర్, మానిటర్, స్పీకర్లు, రౌటర్ అన్నీ తగిలిస్తారు. 600 వీఏ అంటే 600 వాట్లు కాదు. ఆ తరహా యూపీఎస్‌లు చాలావరకు ఇచ్చేది 360 వాట్లే. ఆర్‌టీఎక్స్ 3060 టీఐ 200 వాట్లు, ప్రాసెసర్ మరో 100 వాట్లు, మదర్‌బోర్డు, డిస్కులు, ఫ్యాన్లు, మానిటర్, ఎస్‌ఎంపీఎస్ తన పనిలో వేడిగా పోగొట్టే భాగం, ఇవన్నీ కలిపితే ఆ 360 దాటడానికి పెద్ద గేమ్ కూడా అక్కర్లేదు. దానికి తోడు, కరెంటు కాస్త తగ్గినప్పుడల్లా యూపీఎస్ టిక్కుమని బ్యాటరీకి మారుతుంది. చౌక యూపీఎస్‌లు అప్పుడు ఇచ్చేది మెట్లు మెట్లుగా ఉండే కరెంటు. ఇప్పటి ఎస్‌ఎంపీఎస్‌లు కొన్నింటికి అది సరిపడదు. కాబట్టి ఒక సాయంత్రం యూపీఎస్‌ను పక్కన పెట్టి, ఎర్తింగ్ సరిగా ఉన్న గోడ సాకెట్‌కు నేరుగా తగిలించి ఆడండి. క్యాబినెట్ ముట్టుకుంటే జిల్లుమంటుంటే మాత్రం ముందు ఎలక్ట్రీషియన్‌ను పిలవాలి, గేమ్ సంగతి తర్వాత.

ఇక అసలు పోటీ. కార్డు పవర్ తగ్గించడంలో రెండు పద్ధతులున్నాయి, వాటిని ఒకటిగా చూడకూడదు. ఆఫ్టర్‌బర్నర్‌లో పవర్ లిమిట్ గీతను 100 నుంచి 70కి లాగడం సులువు. అయితే అది పట్టుకునేది ప్రధానంగా సగటునే. అందులోనే కర్వ్ ఎడిటర్ (ఏ వోల్టేజీకి ఎంత వేగమో చూపే గ్రాఫు) తెరిచి వోల్టేజీకే పైకప్పు వేయడం రెండో పద్ధతి. ఆర్‌టీఎక్స్ 30 వరుస కార్డుల్లో చాలావరకు 0.85 వోల్టుల దగ్గర 1800 మెగాహెర్ట్జ్ చుట్టుపక్కల నిలకడగా నడుస్తాయి. వోల్టేజీ, వేగం ఒక గీత దాటి ఎగరలేవు కాబట్టి ఉరుకులు కూడా తగ్గుతాయి. వేడి తగ్గుతుంది, ఫ్యాన్ల హోరు తగ్గుతుంది, ఫ్రేముల్లో పోయేది ఆడేటప్పుడు గమనించలేనంత. ఏసీ లేని గదిలో మే నెలలో ఆడేవాళ్లకు దీన్ని మించిన మేలు మరొకటి లేదు. రెంటచింతలలోనో రామగుండంలోనో ఉన్నవాళ్లకు ఆ మాట వేరే చెప్పక్కర్లేదు.

అయినా దీన్ని నేను మందుగా కాక పరీక్షగానే ఎక్కువ నమ్ముతాను. 70 శాతానికి దించగానే ఆగిపోవడం మానేసిందా? అయితే తప్పు ఎస్‌ఎంపీఎస్‌దైనా కావాలి, పూర్తి వేగాన్ని తట్టుకోలేని కార్డుదైనా కావాలి. ఈ రెండింటినీ విడదీయడానికి పవర్ లిమిట్‌ను మళ్లీ 100కి తెచ్చి, కోర్ వేగాన్ని మాత్రం 100 నుంచి 150 మెగాహెర్ట్జ్ దించి ఆడండి. అంత మాత్రానికే కుదుటపడి, ముందు వచ్చిన క్రాష్ కూడా మూడో రకమైతే, కార్డు చిప్పుకే ఓపిక తక్కువ. పవర్ దించితేనే నిలబడి, ముందు వచ్చింది మొదటి రకమైతే, కొత్త ఎస్‌ఎంపీఎస్‌కు డబ్బు సిద్ధం చేసుకోవచ్చు. నూటికి నూరుపాళ్లు ఖాయం చేసే పరీక్ష ఒక్కటే: స్నేహితుడి దగ్గరి మంచి ఎస్‌ఎంపీఎస్ తెచ్చి తగిలించి చూడటం. దొరికితే దాన్ని మించింది లేదు.

ఎస్‌ఎంపీఎస్ నిజంగా బలహీనపడి ఉంటే, కార్డు పవర్ దించి ఏళ్ల తరబడి నెట్టుకురావడం నాకు నచ్చదు. లోపల కెపాసిటర్లు వేడికి ఏటేటా నీరసిస్తూనే ఉంటాయి. ఇవాళ 70 శాతం దగ్గర నిలబడింది రేపు 60కి దిగమంటుంది. పైగా మదర్‌బోర్డు, డిస్కులు, కార్డు అన్నీ దాని మీదే ఆధారపడి ఉన్నాయి. ఒక భాగం ధర మిగిలించుకోబోయి మిగతావన్నీ పణంగా పెట్టడం అవుతుంది. మంచి ఎస్‌ఎంపీఎస్‌కు ఏడేళ్లు, పదేళ్లు వారంటీ వస్తుంది. రేపు కార్డు మార్చినా, ప్రాసెసర్ మార్చినా అది అలాగే పనికొస్తుంది.

సికింద్రాబాద్‌లోని కంప్యూటర్ దుకాణాల సముదాయం సీటీసీలో కొన్నా, మీ ఊళ్లో కొన్నా, డబ్బా మీది పెద్ద అంకెను వదిలేసి పక్కన అతికించిన పట్టిక చదవండి. అందులో +12వీ అనే గడి కింద ఎన్ని ఆంపియర్లు రాశారో చూసి 12తో హెచ్చవేయండి. 62.5 ఆంపియర్లుంటే 750 వాట్లు, అది నికార్సయిన 750. ‘500 వాట్లు’ అని రాసి ఆ గడిలో 25 ఆంపియర్లే ఉంటే, కార్డుకు, ప్రాసెసర్‌కు కలిపి దొరికేది 300 వాట్లే. 80 ప్లస్ ముద్రలు, బ్రాంజ్ అయినా గోల్డ్ అయినా, కరెంటును ఎంత పొదుపుగా మారుస్తుందో చెప్పేవి. ఉరుకులను ఎంత తట్టుకుంటుందో చెప్పవు.

బిగించేటప్పుడు కార్డుకు రెండు 8-పిన్ సాకెట్లుంటే, ఒకే కేబుల్ చివర జంటగా వేలాడే రెండు తలలను గుచ్చేయకుండా రెండు వేర్వేరు కేబుళ్లు వేయండి. 8-పిన్ ఒక్కోదాని లెక్క 150 వాట్లు. పాత కార్డయితే ఆ తలలను పీకి పిన్నుల చుట్టూ ప్లాస్టిక్ గోధుమరంగుకు తిరిగిందేమో వెలుతురులో చూడండి. తిరిగి ఉంటే రోగం అక్కడే బయటపడినట్టు. మళ్లీ గుచ్చేటప్పుడు కొక్కెం టక్కుమనేదాకా నొక్కాలి. ఇంకొక్కటి, పాత మాడ్యులర్ (కేబుళ్లు ఊడదీయగల) ఎస్‌ఎంపీఎస్ కేబుళ్లను కొత్తదానికి ఎట్టి పరిస్థితుల్లోనూ వాడకండి. తలలు ఒకేలా కనిపించినా ఎస్‌ఎంపీఎస్ వైపు వైర్ల వరుస కంపెనీకీ కంపెనీకీ మారుతుంది, డిస్కులు కాలిపోవచ్చు.

థర్మల్ పేస్టు సంగతి. ఆగిపోతోందని తీసుకెళ్తే షాపుల్లో తరచూ ముందు చెప్పేది ఇదే, నేను మాత్రం వెనక్కి నెడతాను. వేడెక్కిన కార్డు చేసే మొదటి పని ఆగిపోవడం కాదు, నెమ్మదించడం. చాలా ఎన్విడియా కార్డులు 83 డిగ్రీల చుట్టుపక్కల నుంచే వేగం తగ్గించుకుంటాయి. వేడే కారణమైతే ఆగిపోయే ముందు ఫ్రేములు పడిపోవడం మీకు కనిపిస్తుంది. హాట్‌స్పాట్ (చిప్పులో అన్నిటికన్నా వేడి చోటు) 105 డిగ్రీలు దాటుతున్నా, 3080, 3090లలో మెమొరీ వేడి 110కి అంటుతున్నా పేస్టు, ప్యాడ్లు (మెమొరీ చిప్పుల మీద వేడిని లాగే మెత్తని పలకలు) మార్పించండి. క్రిప్టోకరెన్సీ మైనింగ్‌లో వాడిన సెకండ్ హ్యాండ్ కార్డులకైతే ఇది తప్పనిసరి. ప్యాడ్ల మందం తెలియనివాళ్ల చేతికి మాత్రం కార్డు ఇవ్వొద్దు. దుమ్ము ఊదుకోవడం ఎలాగూ మీరే చేసుకోవచ్చు.

డ్రైవరును డీడీయూతో (పాత డిస్‌ప్లే డ్రైవరును పూర్తిగా తీసేసే సాఫ్ట్‌వేర్‌తో) తుడిచి మళ్లీ వేయడం గంట పని, గేమ్ ఒక్కటే మూతపడే రకానికి ముందు ఇదే చేయండి. 2020 సెప్టెంబరులో 3080 కార్డులు మార్కెట్లోకి రాగానే గేములు మూతపడుతున్నాయని గోల లేచినప్పుడు, 456.55 డ్రైవరుతో చాలామందికి తగ్గింది. ర్యామ్‌కు ఎక్స్‌ఎంపీ (దాన్ని మామూలు కన్నా వేగంగా నడిపే సెట్టింగు) తీసేసి చూడటమూ ఈ కోవలోదే. విండోస్ మళ్లీ వేయడం మాత్రం అన్నిటికన్నా చివరి మాట.

ఇంటెల్ 13, 14 తరాల ఐ7, ఐ9 ప్రాసెసర్లున్నవాళ్లు పైవాటికన్నా ముందు ఒక సంగతి తెలుసుకోవాలి. అన్‌రియల్ ఇంజిన్ అనే సాఫ్ట్‌వేర్ మీద తయారైన గేములు తెరిచేటప్పుడు ‘వీడియో మెమొరీ చాలదు’ అంటూ మూతపడుతుంటే, పేరు వీడియో మెమొరీదే అయినా తప్పు కార్డుది కాకపోవచ్చు. ఎక్కువ వోల్టేజీకి ఆ ప్రాసెసర్లే దెబ్బతింటున్నాయని తేలి, ఇంటెల్ 2024 ఆగస్టులో 0x129 మైక్రోకోడ్ (ప్రాసెసర్ పనితీరును సరిదిద్దే అప్‌డేట్) విడుదల చేసింది, వారంటీని మరో రెండేళ్లు పెంచింది. బయోస్‌ను (మదర్‌బోర్డులోని మూల సాఫ్ట్‌వేర్‌ను) తాజా చేసుకోండి, ఆ మైక్రోకోడ్ వచ్చేది దానితోనే. అప్పటికే దెబ్బతిన్న ప్రాసెసర్‌ను ఆ అప్‌డేట్ బాగుచేయలేదు కాబట్టి, క్రాష్‌లు ఆగకపోతే వారంటీ కింద మార్పించుకోవాలి.

మొన్న మా ఇంటి కంప్యూటర్ విషయంలో నేను ఎంచుకున్నది కొత్త 750 వాట్ల ఎస్‌ఎంపీఎస్, దానితోపాటు వోల్టేజీ తగ్గించిన కార్డు, రెండూ. పాత ఎస్‌ఎంపీఎస్ వారంటీ అయిపోయింది, పూర్తి పవర్ మీద క్షణంలో ఆరిపోయేది, కోర్ వేగం దించినా ఆరిపోయేది, గోడ సాకెట్‌కు పెట్టినా అంతే. మీ ఎస్‌ఎంపీఎస్ రెండేళ్లలోపుదై, మంచి కంపెనీదై, కార్డు వేగం కాస్త దించగానే గేమ్ నిలబడుతుంటే నా సలహా మారుతుంది. కొత్త ఎస్‌ఎంపీఎస్ కొనకండి. కార్డుకు వారంటీ మిగిలి ఉంటే, పవర్ దించి సర్దుకుపోవద్దు కూడా. అన్నీ కంపెనీ సెట్టింగులకు తెచ్చి, ఆగిపోతున్న తీరును ఫోనులో వీడియో తీసి, ఈవెంట్ వ్యూయర్‌లోని 4101 వరుసలతో సహా సర్వీస్ సెంటర్‌లో ఇవ్వండి. అక్కడ డెస్క్‌టాప్ చూసి ‘బాగానే ఉంది’ అని తిప్పి పంపే అవకాశం ఉంది కాబట్టి, ఏ గేమ్, ఏ సెట్టింగులు, ఎన్ని నిమిషాలకు ఆగిందో కాగితం మీద రాసి కార్డు డబ్బాలో పెట్టండి.