ఈలా, వీడియోనా, వలా: సంక్రాంతి ఫుట్‌బాల్‌కు ఏది మేలు?

సంక్రాంతికి ఇంకా రెండు నెలల గడువుంది. మా కోనసీమలో పుంజులకు బాదంపప్పు పెట్టడం ఎంత ముందు మొదలవుతుందో ఆటల కమిటీ కూర్చోవడమూ అంతే ముందు మొదలవుతుంది. ఈసారి కుర్రవాళ్లు కొత్త మాట తెచ్చారు. ఫైనల్‌కు వీడియో రివ్యూ పెడదామట. నాలుగు ఫోన్లు, నాలుగు స్టాండ్లు, షామియానా కింద ఒక టీవీ. "ప్రపంచ కప్పులో ఉన్నప్పుడు మన దగ్గర ఎందుకు ఉండకూడదు మాస్టారూ?" అన్నాడొకడు. ఇరవై ఏళ్లకు పైగా బడిలో డ్రిల్లు మాస్టారుగా పనిచేసి, పండగ పోటీలన్నిటికీ ఈల ఊదినవాణ్ణి కనుక తేల్చే పని నా మీద పెట్టారు. ఆ రోజు ఏమీ చెప్పలేదు. ఎందుకంటే వీడియో మాట వినగానే నాకు పాత ఫైనల్ ఒకటి గుర్తుకు వచ్చి గొంతులో అడ్డం పడింది.

ఒక లంక గ్రామం, పేరు వద్దు. వరి కోసిన చేలో మోళ్లు చెక్కి చదును చేశారు. గోల్ స్తంభాలకు సరుగుడు బాదులు, పైన అడ్డంగా వెదురు. గీతలు ముగ్గుపిండితో వేశారు. పండగ రోజులు కనుక ఊళ్లో దానికి కొదవ లేదు. కానీ ఆ గీత మొదటి సగంలోనే తెల్లగా ఉంటుంది. రెండో సగానికి గోలీ కాళ్ల కింద నలిగి, సరిగ్గా అవసరమైన చోటే కనిపించకుండా పోతుంది. వల లేదు. లైన్స్‌మన్‌గా నిర్వాహకుల మేనల్లుడిని నిలబెట్టారు. జెండాకు బదులు ఎర్ర తువ్వాలు.

ఇంకో అయిదు నిమిషాల్లో ఆట అయిపోతుందనగా దూరం నుంచి కొట్టిన బంతి వెదురుకు అడుగు వైపున తగిలి నిట్టనిలువుగా కిందికి పడింది. గోలీ వెనక్కి పడిపోతూనే దాన్ని బయటకు తోసేశాడు. నేను పాతిక గజాల దూరంలో ఉన్నాను, మధ్యలో రెండు వీపులు. తువ్వాలు కోసం చూశాను. అది ఆ కుర్రవాడి భుజం మీదే ఉంది. నేనేం చెబుతానా అని వాడు నా వైపు చూస్తున్నాడు. కంటితో చూడని గోల్ ఇవ్వకూడదని నేర్చుకున్నవాణ్ణి, ఇవ్వలేదు. ఆట ముగిశాక ఒకాయన ఫోను పట్టుకొచ్చాడు. కార్నరు జెండాకు వెనకగా నిలబడి తీసిన వీడియో. బంతి లోపల పడినట్టే ఉంది, అనుమానం లేదు. అంతలో ఇంకొకాయన మరో ఫోను తెచ్చాడు. అది గీతకు ముందు, మైదానం వైపు నుంచి తీసింది. అందులో బంతి బయటే పడినట్టుంది, అందులోనూ అనుమానం లేదు.

రెండు ఫోన్లలోనూ అబద్ధం లేదు. గీత చెరిగిపోయాక కంటికి ఆనవాలు దగ్గరి స్తంభమే. గీతకు వెనక నుంచి ఆ స్తంభాన్ని ఆనవాలు పెట్టుకుని చూస్తే గీత మీది బంతి కూడా లోపలున్నట్టే కనిపిస్తుంది. ముందు నుంచి చూస్తే అదే బంతి బయట కనిపిస్తుంది. సరిగ్గా గీత మీద, గీత వెంబడి చూసిన కన్నే నిజం చెప్పగలదు. అక్కడ నిలబడాల్సినవాడి భుజం మీద తువ్వాలు ఉంది. ఓడిన జట్టు రన్నరప్ షీల్డును బల్ల మీదే వదిలి, భోజనాలు కూడా చేయకుండా ఏరు దాటించే పంటు పడవ ఎక్కి వెళ్లిపోయింది.

అందుకని ఈల ఒక్కటే చాలని నేను అనను. ఈల చేసిన పొరపాట్లు లోకానికంతా తెలిసినవే. 1986లో మెక్సికోలో మరాడోనా చేత్తో కొట్టిన గోల్ రిఫరీ బెన్నాసూర్‌కు కనిపించలేదు. 2010లో జర్మనీ మీద ఇంగ్లండు ఆటగాడు లాంపార్డ్ కొట్టిన బంతి గోల్ గీత దాటి చాలా లోపల పడినా గోల్ దక్కలేదు. ఇవి పరాయి వాళ్ల కథలు అనుకుంటే 2024 జూన్ 11న దోహాలో మనకు జరిగింది చూడండి. ప్రపంచ కప్ అర్హత పోటీలో ఖతార్ మీద ఛాంగ్తే గోల్‌తో మన జట్టు ముందంజలో ఉంది. 73వ నిమిషంలో మన గోలీ గుర్‌ప్రీత్ ఆపిన బంతి గీత దాటి బయటకు వెళ్లింది. ఖతార్ ఆటగాడు దాన్ని వెనక్కి లాగాడు, ఇంకొకడు గోల్ చేశాడు. మన వాళ్లు ఎంత మొత్తుకున్నా గోల్ నిలిచింది. ఆ దశ పోటీల్లో వీడియో లేదు. చివరికి 2-1తో ఓడాం. గెలిచి ఉంటే మూడో రౌండుకు వెళ్లేవాళ్లం. ఆ రాత్రి మా వీధిలో ఫుట్‌బాల్ ఊసే తెలియనివాళ్లు కూడా రిఫరీని తిట్టారు.

మరి పూర్తి వీడియో సహాయం, అంటే వీఏఆర్, పెట్టుకున్నవాళ్లు సుఖంగా ఉన్నారా? 2018లో ఇది ఆట నిబంధనల్లోకి వచ్చింది, ఆ ఏడాదే రష్యా ప్రపంచ కప్‌లో మాస్కోలోని ఒక గది నుంచి నడిపారు. నాలుగు విషయాల్లోనే అది జోక్యం చేసుకోవాలని అప్పుడు రాసుకున్నారు: గోల్, పెనాల్టీ, నేరుగా ఇచ్చే ఎర్రకార్డు, ఒకరికి బదులు ఇంకొకరికి కార్డు చూపడం. అదీ కళ్లకు కొట్టొచ్చినట్టున్న పొరపాటైతేనే. కాగితం మీద చాలా ముచ్చటగా ఉంది. ఆచరణలో పొరపాటు మైదానం వదిలి గదిలోకి మారింది. 2023 సెప్టెంబరులో టాటెన్‌హామ్‌తో ఆటలో లివర్‌పూల్ ఆటగాడు లూయిస్ డియాజ్ సరైన గోలే చేశాడు. బంతి కొట్టే క్షణానికే అతను డిఫెండర్లను దాటి ముందున్నాడని, అంటే ఆఫ్‌సైడని, మైదానంలో జెండా ఎత్తారు. గదిలోని అధికారి బొమ్మ సరిగానే చూశాడు, గోల్ సరైనదేనని గ్రహించాడు. కానీ మైదానంలోనూ గోల్ ఇచ్చారనుకుని "తనిఖీ అయిపోయింది" అనేశాడు. ఆట మొదలైపోయింది, ఇక మార్చే వీల్లేదు. కెమెరా తప్పు చేయలేదు, కన్ను తప్పు చేయలేదు, మాట తప్పింది.

నార్వేలో 2024 జూలైలో వీఏఆర్ మీద కోపంతో ప్రేక్షకులు చేప వడలు మైదానంలోకి విసిరి ఆట ఆపించారు. భీమవరం వాళ్లకు ఎంత కోపం వచ్చినా చేపను అలా పాడు చేయరనుకోండి. స్వీడన్ క్లబ్బులు అసలు వద్దనే అన్నాయి. ఇంగ్లండులో మాత్రం 2024 జూన్‌లో ఓటు పెడితే ఇరవై క్లబ్బుల్లో పంతొమ్మిది ఉంచుదామన్నాయి. తిట్టుకుంటూనే కాపురం చేస్తున్నారన్న మాట.

నా లెక్కలో మైదానంలో వచ్చే గొడవలు రెండు జాతులు. బంతి ఎక్కడుంది, ఆటగాడు ఎక్కడున్నాడు అన్నది ఒక జాతి. ఎంత గట్టిగా తగిలాడు, కావాలని చేయి పెట్టాడా అన్నది రెండో జాతి. మొదటిదానికి యంత్రం మొనగాడు. 2014 ప్రపంచ కప్‌లో వాడిన గోల్ గీత పరికరం ఒక్క సెకనులో రిఫరీ చేతి గడియారానికి కబురు పంపుతుంది. అదీ దైవం కాదు. 2020 జూన్‌లో ఆస్టన్ విల్లా, షెఫీల్డ్ యునైటెడ్ ఆటలో గోలీ, ఇంకొందరు ఆటగాళ్లు, స్తంభం కలిసి ఏడు కెమెరాలకూ అడ్డం రావడంతో గోలీ బంతితో సహా లోపలికి వెళ్లినా గడియారం మోగలేదు. ఏడు కెమెరాల గతి అదైతే మన నాలుగు ఫోన్ల గతి ఏమిటి?

రెండో జాతి గొడవల్లో నెమ్మదిగా తిప్పి చూపే వీడియో మేలు కంటే కీడే ఎక్కువ చేస్తుందని నా అనుభవం. నెమ్మదిగా చూస్తే ప్రతి తగులుడూ తన్నులాగే ఉంటుంది. ఆటలో అర సెకనులో జరిగిపోయినది తెరమీద తీరిగ్గా ఆలోచించి చేసినట్టు కనిపిస్తుంది. అందుకే వీఏఆర్ నియమాల్లోనే నెమ్మది బొమ్మ ఎక్కడ తగిలిందో చూడటానికే తప్ప ఎంత గట్టిగా తగిలిందో తేల్చడానికి కాదని రాసుకున్నారు. 2023 మార్చిలో మన దేశపు ఫుట్‌బాల్ లీగు ఐఎస్ఎల్ నాకౌట్‌లో కేరళ ఆటగాళ్లు అడ్డంగా నిలబడి గోడ కట్టక ముందే బెంగళూరు ఆటగాడు ఛేత్రి ఫ్రీకిక్ కొట్టి గోల్ చేసేశాడు. కేరళ జట్టు మైదానం వదిలి వెళ్లింది, తరువాత నాలుగు కోట్ల రూపాయల జరిమానా పడింది. వీడియో ఉంటే ఆ గొడవ వచ్చేదే కాదని అప్పుడు చాలామంది అన్నారు. బంతి ఎక్కడ పడిందన్నది కాదు కదా అక్కడి తగువు. రిఫరీ అనుమతి ఇచ్చాడా లేదా అన్నది తగువు. దానికి కెమెరా ఏం చెబుతుంది?

ఈలకూ వీఏఆర్‌కూ మధ్యలో సవాలు పద్ధతి ఒకటుంది, నాకు అన్నిటికంటే నచ్చినది అదే. 2024లో కొలంబియాలో జరిగిన ఇరవై ఏళ్ల లోపు అమ్మాయిల ప్రపంచ కప్‌లో ఫీఫా దీన్ని ప్రయత్నించింది. ప్రత్యేకంగా గదీ, గదిలో అధికారులూ ఉండరు. ఒక్కో జట్టుకు రెండు సవాళ్లు. అనుమానం ఉన్నవాళ్లు అడుగుతారు, రిఫరీయే వెళ్లి తెర చూసుకుంటాడు. సవాలు నెగ్గితే అది మిగులుతుంది, ఓడితే పోతుంది. అమలాపురంలో దీన్ని ఎవరికీ విడమరచి చెప్పనక్కరలేదు. మన సాత్విక్ సాయిరాజ్ షటిల్ గీత మీద పడిందో లేదో అని చెయ్యెత్తి సవాలు చేయడం టీవీలో చూస్తూనే ఉన్నారు. ఇందులో పెద్ద సుగుణం ఏమిటంటే నోరు అదుపులో ఉంటుంది. ఉన్నవి రెండే అని తెలిస్తే ప్రతి త్రో‌కూ ఎగబడరు. సవాలు వాడుకుని ఓడినవాడికి తరువాత రిఫరీని తిట్టే మొహం ఉండదు. ఐఎస్ఎల్ లాంటి చోటికి వీఏఆర్ కన్నా ఇదే తగిన బట్ట అని నా అభిప్రాయం.

ఇక కుర్రవాళ్ల నాలుగు ఫోన్లు. వాళ్ల చేత కాగితం మీద లెక్క కట్టించాను. ఫోను మామూలుగా సెకనుకు 30 బొమ్మలు తీస్తుంది. గట్టిగా పరిగెత్తే కుర్రవాడు సెకనుకు 8 మీటర్లు పోతాడు. అంటే ఒక బొమ్మకూ తరువాతి బొమ్మకూ మధ్య వాడు జానెడు పైనే, దాదాపు ఇరవై ఏడు సెంటీమీటర్లు జరిగిపోతాడు. ఎదురుగా డిఫెండరు కూడా పరిగెత్తుతుంటే అర మీటరు తేడా. ఆ రెండు బొమ్మల మధ్య బంతి కాలు వదిలితే ఆఫ్‌సైడ్ ఏ బొమ్మలో చూస్తారు? 2022 ఖతార్ ప్రపంచ కప్‌లో బంతి లోపలే సెకనుకు 500 సార్లు కబురు పంపే పరికరం పెట్టింది ఇందుకే. లెక్క చూశాక ఆఫ్‌సైడ్‌కు ఫోను వద్దని వాళ్లే ఒప్పుకున్నారు.

గోల్ మాటేమిటన్నారు. దానికి నూట ముప్ఫై ఏళ్ల నాటి మందు ఉంది. లివర్‌పూల్ ఇంజనీరు జాన్ అలెగ్జాండర్ బ్రోడీ ఒక గోల్ విషయంలో తగువు చూసి విసిగి, స్తంభాల వెనక వల కట్టాలన్న ఆలోచన చేశాడు. బంతి వెదురు మీదుగా పోయిందా, కిందుగా పోయిందా అన్న తగువు మన పండగ ఆటల్లో ఎన్నిసార్లు వచ్చిందో నాకు లెక్కలేదు. వల కడితే అవి ఒక్కటీ ఉండవు. వల కూడా చూసి కట్టాలి. 2013 అక్టోబరులో జర్మనీలో హాఫెన్‌హైమ్ మైదానంలో కీస్లింగ్ తలతో కొట్టిన బంతి బయటి నుంచి, పక్క వలకున్న చిరుగులోంచి లోపలికి దూరితే గోల్ ఇచ్చేశారు.

కాబట్టి కమిటీకి నేను చెప్పింది ఇది. ముందు వల. తరువాత పక్క మండలం నుంచి ఇద్దరు లైన్స్‌మన్లు, దారి ఖర్చులు, భోజనంతో సహా. బంధువులు వద్దు, తువ్వాళ్లు వద్దు. గోల్ ముందు గీత రెండో సగానికి మళ్లీ వేయాలి. ఇవన్నీ అయ్యాక డబ్బులు మిగిలితే ఒక్కో గోల్ గీతకు ఒక్కో ఫోను, సరిగ్గా గీత వెంబడి పాతిన గుంజకు కట్టి, ఆట అయ్యేదాకా ఎవరూ ముట్టుకోకుండా. జట్టుకు ఒక్క సవాలు, అదీ గోల్ గీత విషయంలోనే, ఆట మళ్లీ మొదలు కాకముందే. ఫౌలు, చేయి, కార్డులు ఈలకే వదిలేయాలి. ప్రేక్షకుల ఫోన్లు ఎవరి జేబులో వాళ్లవి.

టీవీ లేదన్నందుకు కుర్రవాళ్లు కాస్త మొహం చిన్నబుచ్చుకున్నారు. నిన్న వాళ్లలో ఇద్దరిని వెంటబెట్టుకుని అంతర్వేది పల్లిపాలెం వెళ్లాను. అక్కడ చేపలు పట్టే ఒక పెద్దాయనను, వాడేసి పక్కన పెట్టిన నైలాను వల ఒకటి అడిగితే, ఆయన లోపలికి వెళ్లబోతూ ఆగి, "ఏ చేపకు మాస్టారూ?" అన్నాడు. బంతికన్నాను. నవ్వి, కన్ను సైజు చూసి ఒకటి తీశాడు. రెండు చోట్ల చిరుగులున్నాయి. సూదీ దారమూ కుర్రవాళ్ల చేతికిచ్చి, ముడి ఎలా వేయాలో చూపిస్తూ కూర్చోబెట్టాడు. చీకటి పడేదాకా ఒక చిరుగే అయింది.