తప్పు రాయి నుంచి కొలిచిన గెలాక్సీ: అలాదిన్, సింబాద్, నెడ్ ఏడాది వాడాక

రిటైరైనప్పుడు చేతికొచ్చిన డబ్బులో కొంత పెట్టి 8 అంగుళాల అద్దంతో, తిరిగే పీట మీద నిలబడే డాబ్సోనియన్ టెలిస్కోప్ కొన్నాను. దాని సంగతి నాలుగు ముక్కల్లో చెప్పేసి అసలు విషయానికొస్తాను. అద్దం బంగారం. పెట్టె విప్పేసరికి ఫైండర్‌ను (గురి చూసుకునే చిన్న దుర్భిణి) పట్టుకునే ప్లాస్టిక్ ముక్క విరిగి ఉంది. అమ్మినాయన ఫోనెత్తి "సార్, రేపే పంపిస్తా" అన్నాడు. ఆ రేపు 19 రోజులకు వచ్చింది. ఈలోగా ఫైండర్‌ను ఇన్సులేషన్ టేపుతో చుట్టి పని కానిచ్చాను. ఇప్పటికీ ఆ టేపే ఉంది, కొత్త ముక్క డ్రాయర్‌లో ఉంది.

ఈ రివ్యూ ఆ టెలిస్కోప్ గురించి కాదు లెండి. దానిలో కనబడే మసక మచ్చ పేరేమిటో తేల్చిపెట్టే మూడు ఉచిత సర్వీసుల గురించి. అలాదిన్, సింబాద్ అనేవి రెండూ ఫ్రాన్స్‌లో స్ట్రాస్‌బుర్గ్ ఖగోళ డేటా కేంద్రం వాళ్లవి. నెడ్ అమెరికాలో కాల్‌టెక్ వాళ్లు నాసా డబ్బుతో నడిపే గెలాక్సీల రికార్డు. మొదటి రెండు పేర్లు విని మా మనవడు "తాతా, నువ్వు చదివేది అరేబియా కథలా, ఆకాశమా?" అన్నాడు.

ముందు నా గురించి ఒక మాట, లేకపోతే కింద రాసేది అర్థం కాదు. నేను మండల సర్వేయర్‌గా 31 ఏళ్లు చేశాను, అంతా రాయలసీమలోనే. గొలుసు, క్రాస్ స్టాఫ్, ఎఫ్.ఎం.బి. (పొలం కొలతల పుస్తకం) కాగితాలతో మొదలుపెట్టి జీపీఎస్ రోవర్‌తో ముగించాను. ఎక్కడికెళ్లినా తగాదా ఒక్కటే. కాగితం మీద పొలం ఉంటుంది, నేల మీద ఉండదు. లేదా నేల మీద ఒకే పొలం, కాగితంలో రెండు నంబర్లు. ఆకాశం పట్టా కాగితాలు కూడా ఇలాగే ఉంటాయని టెలిస్కోప్ కొన్నాకే తెలిసింది.

మసక గెలాక్సీలు వెతికేవాళ్లందరి చేతిలో ఉండే రికార్డు ఎన్.జి.సి., అంటే న్యూ జనరల్ కేటలాగ్. దాన్ని 1888లో డ్రేయర్ అనే డేనిష్ ఆయన ఐర్లండ్‌లోని ఆర్మా అబ్జర్వేటరీలో కూర్చుని కూర్చాడు. 7,840 ఎంట్రీలు. తర్వాత 1895లో, 1908లో రెండు అనుబంధాలు తెచ్చాడు, వాటిలో ఇంకో 5,386. ఇన్నింటినీ ఆయనే చూసి రాయలేదు, వంద మంది రాసిన పాత లెక్కలను ఒక దగ్గర చేర్చాడు. మెసియే, విలియం హెర్షెల్, ఆయన కొడుకు జాన్, కోపెన్‌హేగన్‌లో డారెస్ట్, మార్సేలో స్టెఫాన్, మాల్టాలో మార్త్, అమెరికాలో లూయిస్ స్విఫ్ట్... ఒక్కొక్కడి కొలత ఒక్కో తీరు. డారెస్ట్ కొలిస్తే ఇప్పటికీ చెయ్యి పెట్టక్కర్లేదు. స్విఫ్ట్ కొలతలు మాత్రం, మా డిపార్టుమెంట్లో అయితే చార్జ్ మెమో ఇచ్చేవాళ్లు.

హెర్షెల్ పద్ధతి చదివితే నాకు మా పాత సర్వే పార్టీ గుర్తొచ్చింది. 1783 నుంచి 18 అంగుళాలకు పైబడిన లోహపు అద్దం ఉన్న టెలిస్కోప్‌ను దక్షిణోత్తర రేఖ మీద పెట్టి, మెల్లగా పైకీ కిందికీ ఆడిస్తూ, ఆకాశం తనంతట తాను జరిగిపోతుంటే చూసేవాడు. మచ్చ కనబడగానే పైనుంచి కేకేసేవాడు. కింద చెల్లెలు కారొలైన్ గడియారం చూసి టైమ్, ధ్రువం నుంచి దూరం రాసుకునేది. ఆ స్థానం దేని లెక్కన? అదే రాత్రి అదే వరసలో దాటిన ఒక తెలిసిన నక్షత్రం లెక్కన. అంటే ఆ నక్షత్రమే హద్దురాయి. అలా ఇద్దరూ కలిసి 2,500 ఎంట్రీలు మూడు జాబితాల్లో అచ్చు వేయించారు. మెసియే జాబితా మొత్తం 103 అని గుర్తు చేసుకుంటే ఆ కష్టం తెలుస్తుంది. రాళ్ల జాబితా అయిన ఫ్లామ్‌స్టీడ్ నక్షత్ర పట్టికలోనే తప్పులున్నాయని కారొలైన్ మళ్లీ కూర్చుని సవరణలు, వదిలేసిన 561 నక్షత్రాలు కలిపి 1798లో ప్రచురించింది. రికార్డు రూమ్‌లో దుమ్ము పీల్చినవాడిగా చెప్తున్నా, అది మామూలు పని కాదు.

ఇక అలాదిన్. బ్రౌజర్‌లో తెరుచుకునేది అలాదిన్ లైట్. పేరో, స్థానమో టైప్ చేస్తే అక్కడికి తీసుకెళ్లి పాలోమర్, ఆస్ట్రేలియా టెలిస్కోపుల పాత ఫొటో ప్లేట్ల నుంచి చేసిన రంగు చిత్రం చూపిస్తుంది. పాన్-స్టార్స్ లాంటి కొత్త సర్వేలకూ మారొచ్చు. ఆకాశం మొత్తాన్ని చిన్న చిన్న పలకలుగా కోసి పెట్టారు కాబట్టి మనం చూసే ముక్క మాత్రమే దిగుతుంది. మా ఊరి నెట్‌కు ఇది వరం. దాని మీదే సింబాద్ గుర్తులు వేసుకుని ఏ మచ్చ మీద నొక్కినా దాని పేర్లన్నీ వస్తాయి. ఎన్.జి.సి. 4548 నొక్కండి. అదే ఎం 91 (మెసియే జాబితాలో 91వది), అదే ఇంకో జాబితాలో యు.జి.సి. 7753, ఇంకా పేర్లు చాంతాడంత. పాత సర్వే నంబరు, సబ్ డివిజన్ నంబరు, పాస్‌బుక్ ఖాతా నంబరు, రీ సర్వే తర్వాత ఎల్.పి.ఎం. నంబరు, అన్నీ ఒకే పొలానివని ఒకే పేజీలో చూపించే వెబ్‌సైట్ మనకుంటే ఎలా ఉండేదో అలా ఉంది.

కొలవాలంటే మాత్రం అలాదిన్ డెస్క్‌టాప్ దించుకోవాలి. అందులో మౌస్ లాగితే దూరం చూపించే పనిముట్టు ఉంది. నాకు గొలుసు దొరికినట్టయింది. దాంతో నేను మొదట తేల్చుకున్న తగాదా ఎం 91.

మెసియే 1781 మార్చి 18 రాత్రి పారిస్‌లో కన్యారాశి వైపు వరసగా 84 నుంచి 91 దాకా రాసుకున్నాడు. చివరిదైన 91 ఉందన్న చోట ఎవరు చూసినా ఏమీ లేదు. దాదాపు 190 ఏళ్లు అది "కనబడని మెసియే". అటుగా పోయిన తోకచుక్క అయ్యుంటుందన్నవాళ్లు కూడా ఉన్నారు. 1969లో టెక్సస్‌కు చెందిన విలియమ్స్ అనే ఔత్సాహికుడు లెక్క విప్పాడు. మెసియే కొలిచింది ఎం 89 నుంచి. కాగితం మీద ఆ కొలతను వేసింది ఎం 58 స్థానానికి. అంటే గొలుసు సరిగ్గానే లాగాడు, రాయి పేరు తప్పు రాశాడు.

చదవడం వేరు, కొలవడం వేరు కదా. అలాదిన్‌లో ఎం 89 నుంచి ఎన్.జి.సి. 4548కి లాగాను. ఉత్తరానికి 1 డిగ్రీ 56 ఆర్క్ నిమిషాలు (డిగ్రీలో అరవయ్యో వంతు ఒక ఆర్క్ నిమిషం), పడమరకు పిసరంత. అదే కొలత ఎం 58 నుంచి వేశాను. తర్వాత మెసియే 1781లో రాసిన స్థానాన్ని ఇప్పటి లెక్కకు మార్చాను. ఆకాశపు గీతలు ఏడాదికి 50 ఆర్క్ సెకన్ల చొప్పున జరుగుతాయి కాబట్టి మార్చకుండా పోల్చకూడదు. రెండు గుర్తుల మధ్య తేడా 5 ఆర్క్ నిమిషాల లోపే వచ్చింది. రాత్రి పదకొండింటికి ఒక్కణ్నే కూర్చుని చప్పట్లు కొట్టాను. మా ఆవిడ లోపల్నుంచి "ఏమైందండీ?" అంది. "హద్దు తేలింది" అన్నాను. "పక్కింటోళ్లతో గోడ తగాదా ఆరేళ్లుగా తేల్లేదు గానీ" అని పడుకుంది.

ఏప్రిల్‌లో ఆ గెలాక్సీని టెలిస్కోప్‌లో చూడ్డానికి రాయచోటి దగ్గరి మా తోటకు వెళ్లాను. అక్కడ అక్షాంశం 14 డిగ్రీలు, ఎం 91 డెక్లినేషన్ (ఆకాశంలో అక్షాంశం లాంటిది) పద్నాలుగున్నర. అంటే సరిగ్గా నడినెత్తిన దాటుతుంది. డాబ్సోనియన్ వాడేవాళ్లకు ఆ కష్టం తెలుసు. నడినెత్తి దగ్గర గొట్టం నిలువుగా ఉంటుంది, పక్కకు తిప్పాలంటే పట్టు దొరకదు, మొత్తం పీట తిరుగుతుంది. దాంతో అది కాస్త పడమరకు వాలేదాకా గంటన్నర మామిడి చెట్టు కింద కూర్చున్నాను. చివరికి దొరికింది. మధ్యలో కొంచెం వెలుగు, చుట్టూ ఊదితే పోయేంత పొగ. 1784లో హెర్షెల్ దీన్ని వేరేగా చూసి రెండో తరగతిలో, అంటే మసక నీహారికల్లో వేసుకున్నాడు. ఇదే మెసియే పోగొట్టుకున్నదని ఆయనకు తెలియదు.

రెండో కేసులో మాత్రం నేను బోల్తా పడ్డాను. ఎన్.జి.సి. 3760. పాత స్థానం సింహరాశిలో, పుబ్బ నక్షత్రాల్లో పైదానికి 5 డిగ్రీలు తూర్పున. అలాదిన్‌లో అక్కడికి వెళ్తే పావు డిగ్రీ దూరంలో ఏడు చిన్న గెలాక్సీల గుంపు. ఏడింట్లో ఒకటి ఇదేనని నోటు పుస్తకంలో రాసేసుకున్నాను. వారం తర్వాత అనుమానమొచ్చింది. అవి పద్నాలుగు, పదిహేను మాగ్నిట్యూడ్‌వి (వెలుగు కొలత, అంకె పెరిగేకొద్దీ మసక). 1874లో కోప్‌లాండ్ అనే ఆయన వాటిని పట్టడానికి ఐర్లండ్‌లో లార్డ్ రాస్ 72 అంగుళాల టెలిస్కోప్ కావాల్సి వచ్చింది. పైగా ఎన్.జి.సి. నంబర్లు 1860 నాటి రైట్ అసెన్షన్ (ఆకాశంలో రేఖాంశం లాంటిది, గంటల్లో లెక్కిస్తారు) వరసలో నడుస్తాయి. కోప్‌లాండ్‌వి 3745 నుంచి 3754. ఇప్పటి స్థానాల ప్రకారమైతే 3760 వాటికి ముందు రావాలి, వెనకపడింది. వరసలో నంబరు అటూ ఇటూ అయిందంటే ఎక్కడో కొలత తప్పిందని మా వాళ్లెవరికైనా తెలుసు. ఇక్కడ కోప్‌లాండ్ ఏడింటి స్థానాలే ఎన్.జి.సి.లో పక్కకు పోయాయి.

మరి 3760 ఏది? సింబాద్‌లో ఆ నంబరు కొడితే నేరుగా ఎన్.జి.సి. 3301 దగ్గర దింపింది. అదీ సింహరాశే, కాకపోతే మెడ దగ్గర. రెండిటికీ డెక్లినేషన్ ఒకటే. రైట్ అసెన్షన్‌లో తేడా కచ్చితంగా ఒక గంట. గడియారంలో 10 అని రాయాల్సింది 11 అని పడింది, ఒకే గెలాక్సీకి రెండు పట్టాలు పుట్టాయి.

నా అసలు ఫిర్యాదు ఇక్కడే. సింబాద్ జవాబిస్తుంది, వాదన చెప్పదు. 3760 అంటే 3301 అని తీర్పు వస్తుంది, ఎందుకో ఉండదు. ఖాయంగా తేలినదీ, పెద్దమనుషులు రాజీ చేసినదీ పక్కపక్కన ఒకేలా కనబడతాయి. ఆ విషయంలో నెడ్ నయం. చాలా పేజీల్లో "ఈ ఎన్.జి.సి. గుర్తింపు ఖాయం కాదు" అని చిన్న నోటు పెడతారు. పాత అడంగల్‌లో రిమార్కుల కాలమ్ లాంటిది, ముందు అది చదవాలి. నెడ్‌లో రెడ్‌షిఫ్ట్ (గెలాక్సీ వెలుగు ఎరుపు వైపు ఎంత జరిగిందో, దాన్నిబట్టి దూరం అంచనా వేస్తారు) కూడా ఉంటుంది కాబట్టి ఆకాశంలో పక్కపక్కన ఉన్నవి నిజంగా ఇరుగుపొరుగేనా అని తెలుస్తుంది. స్టెఫాన్ 1877లో చూసిన ఐదు గెలాక్సీల గుంపులో 7320 మిగతా వాటికంటే ఎంతో ముందు, మన వైపు ఉన్నదని అలాగే బయటపడింది. నెడ్ పేజీల అమరిక మాత్రం మా ట్రెజరీ బిల్లులా ఉంటుంది. మొదటిసారి చూసినవాడు పారిపోతాడు.

ఇంకో రెండు మాటలు. ఫోన్‌లో వేళ్లతో ఈ పని కాదు, ల్యాప్‌టాప్ ఉండాలి. పెరట్లో టెలిస్కోప్ పక్కన తెర వెలుగు కళ్లను పాడు చేస్తుంది, కాబట్టి పగలే ముక్కలు ప్రింట్ తీసుకుని ఎర్ర లైటుతో చూడండి. అలాదిన్ చూపించే రంగుల చిత్రం చూసి ఐపీస్‌లో అది కనబడుతుందనుకోకండి. మా మనవడు అలాగే అనుకుని ఐపీస్‌లోకి చూసి "తాతా, యాడ? మబ్బు తప్ప ఏం లేదే" అన్నాడు. "ఆ మబ్బే నాయనా" అన్నాను. వాడికి నచ్చలేదు.

ఒక సంతోషం కూడా చెప్పాలి. ఇదే స్ట్రాస్‌బుర్గ్ వాళ్ల విజియర్‌లో పాత పట్టికలన్నీ ఉన్నాయి. అందులో ప్రపంచ అబ్జర్వేటరీలు ఆకాశాన్ని పట్టీలుగా పంచుకుని ఫొటోలు తీసి కొలిచిన ఆస్ట్రోగ్రాఫిక్ కేటలాగ్ నక్షత్రాలు దొరుకుతాయి. దక్షిణాన 17 నుంచి 23 డిగ్రీల పట్టీ హైదరాబాద్ నిజామియా అబ్జర్వేటరీ కొలిచింది. మసక గెలాక్సీలు కాదు, రాళ్లు. బేగంపేటలో కూర్చుని ఆ రాళ్లు పాతినవాళ్ల మీద నాకు ప్రత్యేకమైన గౌరవం.

ఖర్చు సున్నా, ఖాతా తెరవక్కర్లేదు, ప్రకటనలు లేవు. ఐదుకు అలాదిన్‌కు ఐదు, నెడ్‌కు నాలుగు, సింబాద్‌కు వాదన చెప్పనందుకు మూడున్నర.

నా పుస్తకంలో "హద్దు తేలలేదు" అని రాసుకున్నవి ఇంకా 11 ఉన్నాయి. అందులో తొమ్మిది వర్జీనియాలోని లియాండర్ మకార్మిక్ అబ్జర్వేటరీ వాళ్లు 26 అంగుళాల టెలిస్కోప్‌తో చూసినవి. వాటిలో చాలావాటికి రైట్ అసెన్షన్ నిమిషాల్లోనే ఇచ్చారు, సెకన్లు లేవు. మా 8 అంగుళాలకు అవి ఎలాగూ అందవు. వానాకాలం మబ్బు పట్టిన రాత్రులు అలాదిన్ ముందు కూర్చుని ఒక్కోదాని చుట్టూ గొలుసు లాగుతున్నాను.