అలైన్‌మెంటా, బ్యాలెన్సింగా? ఒక్కదానికే డబ్బులుంటే ఏది మేలు?

"టైర్ల షాపులో బ్యాలెన్సింగ్, అలైన్‌మెంట్ రెండూ కలిపి బిల్లు వేసేస్తున్నారండీ. రెండూ అవసరమా? ఒక్కటే చేయిస్తే ఏది?" శ్రీకాకుళం, విజయనగరం వైపు కార్లున్నవాళ్లు నన్ను పదే పదే అడిగే ప్రశ్న ఇది. ఒకటి చేయిస్తే రెండోది అక్కర్లేదనుకోవడం మాత్రం తప్పు. ఒకదాని పని ఇంకొకటి చేయదు. అయినా తప్పనిసరిగా ఒక్కటే ఎంచుకోమంటే, మన లోపలి రోడ్ల మీద తిరిగే బండికి నా ఓటు అలైన్‌మెంట్‌కే.

ముందు బ్యాలెన్సింగ్ సంగతి. టైరు, రిమ్ము కలిసి చుట్టూ ఒకే బరువుతో ఉండటం అరుదు. ఎక్కడో పది, ఇరవై గ్రాములు తేడా వస్తుంది. రిమ్ముకి చిన్న వెయిట్లు వేసి ఆ తేడా సరిచేయడమే బ్యాలెన్సింగ్. ఈ తేడా వేగం మీద ఆధారపడ్డ జబ్బు. 14 అంగుళాల రిమ్ము అంచున 30 గ్రాముల తేడా ఉందనుకోండి. గంటకు 100 కిలోమీటర్ల వేగంలో అది సుమారు నాలుగున్నర కిలోల బలంతో చక్రాన్ని బయటికి లాగుతుంది. చక్రం సెకనుకి పద్నాలుగు చుట్లు తిరుగుతుంది కాబట్టి ఆ లాగుడు కూడా అన్నిసార్లు దిక్కు మారుస్తుంది. అదే 50లో వెళ్తే బలం నాలుగో వంతుకు పడిపోతుంది. అందుకే ఏడు రోడ్ల జంక్షన్ నుంచి అరసవల్లి దాకా తిరిగే కారులో ఏమీ తెలియదు. హైవే ఎక్కి నరసన్నపేట వైపు 80 దాటించగానే స్టీరింగ్ వణకడం మొదలవుతుంది. ముందు చక్రాల తేడా స్టీరింగ్‌లో, వెనక చక్రాలది సీటు కింద తెలుస్తుంది.

వణుకు కనిపించిన ప్రతిసారీ బ్యాలెన్సింగ్‌కి పరిగెత్తక్కర్లేదు. బ్రేకు నొక్కినప్పుడు మాత్రమే వణికితే ముందుగా అనుమానించాల్సింది బ్రేకు డిస్కులని. వానాకాలం ఊళ్లోకి వెళ్లి వచ్చాక కొత్తగా వణుకు వస్తే రిమ్ము లోపలి వైపు చూడండి. బురద ఒక పక్కన ఎండి పెళ్లలు కట్టి ఉంటుంది. ప్రెషర్ వాటర్ కొట్టి కడిగితే చాలా బళ్లకి అక్కడితోనే సరిపోతుంది. కడగకుండా మిషన్ ఎక్కిస్తే బురదకి కూడా వెయిట్లు వేస్తారు. అది రాలిపోయిన రోజు వణుకు మళ్లీ మొదలు. వెయిట్లకి గ్రాముల లెక్కన డబ్బులు తీసుకునే షాపులు కూడా ఉన్నాయి కాబట్టి ఇది జేబు సంగతి కూడా. మిషన్ ఒక చక్రానికి 70, 80 గ్రాములు అడుగుతుంటే వెంటనే వేయించేయకండి. టైరుని రిమ్ము మీద సగం చుట్టు తిప్పి మళ్లీ చూడమనండి. అప్పటికీ తగ్గకపోతే రిమ్ము వంగి ఉండొచ్చు.

ఇక అలైన్‌మెంట్, అంటే చక్రాలు ఉండాల్సిన కోణంలో ఉండేలా సరిచేయడం. నేను దీనివైపు మొగ్గడానికి కారణం ఒక్కటే: బ్యాలెన్సింగ్ పోతే బండి మీకు చెప్తుంది, అలైన్‌మెంట్ పోతే చాలాసార్లు చెప్పదు. స్టీరింగ్ ఓ పక్కకి లాగితే ఎవరికైనా అర్థమవుతుంది. కానీ రెండు ముందు చక్రాలూ సమానంగా లోపలికో బయటికో తిరిగి ఉంటే బండి తిన్నగానే పోతుంది, టైర్లు మాత్రం అరుగుతుంటాయి. కాలు ఈడ్చి నడిచేవాడి చెప్పు ఒక పక్కే అరిగినట్టు. లెక్క చూడండి: ఒక చక్రం ముందంచుకీ వెనకంచుకీ మధ్య 3 మిల్లీమీటర్ల తేడా ఉంటే, బండి కిలోమీటరు పోయేసరికి ఆ టైరు సుమారు ఐదు మీటర్లు పక్కకి ఈడ్చుకుపోయినట్టు. వెయ్యి కిలోమీటర్లకి ఐదు కిలోమీటర్లు! పైగా అరుగుదల లోపలి అంచున అయితే నిలబడి చూస్తే కనిపించదు. స్టీరింగ్ పూర్తిగా తిప్పి, చెయ్యి పెట్టి తడమాలి. ఒకవైపుకి తడిమితే నున్నగా, ఎదురువైపుకి తడిమితే రంపపు పళ్లలా తగిలితే టో (చక్రం లోపలికో బయటికో తిరిగి ఉండే కోణం) తేడా ఉన్నట్టే.

మన దగ్గర ఇది ఎందుకు త్వరగా పోతుందో వేరే చెప్పాలా? గోతిలో వాన నీళ్లు నిండితే లోతు తెలియదు. లారీలు తిరిగే రోడ్డయితే అంచులు విరిగి ఉంటాయి. ఒక్క దెబ్బ గట్టిగా తగిలినా చాలు, మామూలుగా చూపించుకునే 5,000 కిలోమీటర్లు నిండేదాకా ఆగకుండా చూపించుకోవాలి.

కానీ ఒక షరతు. చక్రాన్ని స్టీరింగ్‌కీ బండికీ కలిపే టై రాడ్ ఎండ్లు, బాల్ జాయింట్లు, లోయర్ ఆర్మ్ బుష్‌లు లూజుగా ఉంటే అలైన్‌మెంట్ నిలవదు. స్క్రీను మీద అంతా సరిగ్గా ఉన్నట్టు ఆకుపచ్చ అంకెలు వస్తాయి, మొదటి గోతికే పోతాయి. కాబట్టి ముందు బండిని లేపి చక్రం ఊపి చూడమనండి. నాలుగు టైర్లలో గాలి సరిచూశాకే కొలతలు తీయాలి. పనికి ముందు కొలతలు, తర్వాత కొలతలు రెండూ ఉన్న ప్రింటు అడగండి. అడిగినందుకు ఎవరైనా మొహం చిట్లిస్తే ఇంకో షాపు చూసుకోవడం మంచిది. చాలా చిన్న కార్లలో ముందు చక్రాల టో తప్ప మామూలుగా మార్చగలిగేది ఏమీ ఉండదు. క్యాంబర్ (చక్రం నిలువుగా కాకుండా పక్కకి వాలే కోణం) ఎర్రగా చూపించి విడిగా బిల్లు వేయబోతే ఏం విప్పుతారు, ఎలా సరిచేస్తారు అని అడిగి గానీ ఒప్పుకోవద్దు.

అలైన్‌మెంట్ అయ్యాక కూడా ఎడమకి కాస్త లాగుతోందంటారు కొందరు. నీళ్లు పోవడానికి రోడ్డే ఎడమకి వాలుగా ఉంటుంది. అనుమానం తీరాలంటే ముందు టైర్లు రెండూ అటుదిటు మార్చి నడపండి. లాగుడు కూడా పక్క మారితే తప్పు టైరుది.

బ్యాలెన్సింగే ముందు అనే సందర్భాలూ ఉన్నాయి. కొత్త టైర్లు వేసినా, టైరుని రిమ్ము నుంచి విప్పి లోపల ప్యాచ్ వేయించినా అది తప్పదు. విప్పకుండా బయటినుంచి ట్యూబ్‌లెస్ పంక్చర్ వేయించుకుంటే అక్కర్లేదు. విజయనగరం నుంచి రోజూ ఆనందపురం మీదుగా విశాఖ వెళ్లొచ్చేవాళ్లకి కూడా నేను బ్యాలెన్సింగే ముందు చెప్తాను. హైవే వేగంలో వణుకు భరిస్తూ పోతే సస్పెన్షన్ మీద పడుతుంది. రెండూ ఒకేరోజు చేయిస్తే బ్యాలెన్సింగ్ ముందు, అలైన్‌మెంట్ తర్వాత.

టైర్ల రొటేషన్ (ముందు, వెనక టైర్ల చోట్లు మార్చడం) 10,000 కిలోమీటర్లకోసారి చేయించండి, చాలు. టైర్లలో నైట్రోజన్ నింపించడం అంటారా, రెండు వారాలకోసారి గాలి చూసుకునే అలవాటుంటే మామూలు గాలే సరిపోతుంది.