క్షయకరణ విభజన చూడాలంటే ఉల్లి మొగ్గా, రియో మొగ్గా?

డిగ్రీ ప్రాక్టికల్స్ దగ్గరపడితే చాలు, ఈ ప్రశ్న మళ్లీ మొదలవుతుంది. పుప్పొడి రేణువులకు జన్మనిచ్చే పరాగ మాతృకణాల్లో, క్రోమోజోముల సంఖ్య సగానికి తగ్గే ఈ విభజన (మియోసిస్) ఏ మొక్కలో చక్కగా కనబడుతుంది?

రియో అలంకరణ మొక్క, ఏ నర్సరీలోనైనా దొరుకుతుంది. పడవలాంటి తొడుగుల్లో మొగ్గలకు కొదవుండదు. క్రోమోజోములు 12 మాత్రమే, పైగా పెద్దవి. చిక్కల్లా అవి జతలుగా విడివిడిగా నిలబడకపోవడం. ఒకదాని ముక్క మరొకదానికి మారిపోయిన క్రోమోజోములు కాబట్టి, పన్నెండూ కొసలు పట్టుకుని వలయంగానో గొలుసుగానో ఉంటాయి. అది చూడాలనుకునేవారికి పండగే. మొదటిసారి మెటాఫేజ్ (క్రోమోజోములు కణం మధ్యన వరుసతీరే దశ) వెతికేవారు మాత్రం స్లైడ్ చెడిందనుకుంటారు.

ఉల్లిలో 16 క్రోమోజోములు, 8 జతలు. లెక్క తేలికే, కానీ ఉల్లికి నా ఓటు అందుకు కాదు. కావలసిన దశ దొరకడమే ఈ పనిలో సగం కష్టం, ఒక్క ఉల్లి పూగుత్తిలో అన్ని వయసుల మొగ్గలూ ఉంటాయి. ఉదయం 8–11 మధ్య కోసి, 3 పాళ్ల ఆల్కహాల్, 1 పాలు గ్లేషియల్ ఎసిటిక్ ఆమ్లం కలిపిన ద్రవంలో 24 గంటలు ఉంచి, 70 శాతం ఆల్కహాల్‌లోకి మార్చాలి. పసుపు తిరిగిన పరాగకోశాలు (పుప్పొడి సంచులు) పనికిరావు, అప్పటికే రేణువులు తయారై ఉంటాయి. మొగ్గలోని ఆరు పరాగకోశాల్లో ఒకదాన్ని అసిటోకార్మిన్ రంగు చుక్కలో చిదిపి చూడండి. నాలుగేసి కణాల గుంపులు (చతుష్కాలు) కనిపిస్తే విభజన ముగిసినట్టే, ఇంకా చిన్న మొగ్గకు వెళ్లాలి. విభజనే మొదలుకాకపోతే కాస్త పెద్దదానికి. దశ కుదిరితే మిగతా అయిదూ మీవే.

పరాగకోశం గోడ ముక్కలు ఏరేయకపోతే కవర్‌స్లిప్ ఎత్తుగా నిలిచి కణాలు పరుచుకోవు. వేడి చేసేటప్పుడు మరగనివ్వకూడదు. నొక్కేటప్పుడు కవర్‌స్లిప్ పక్కకు జరిగితే కణాలు చుట్టుకుపోతాయి. రంగు పాలిపోయి ఉంటే తుప్పు సూదితో కలపండి, ఇనుము తగిలి ముదురుతుంది. రెండేసి కేంద్రకాలున్న టపీటం (పరాగకోశం లోపలి పోషక పొర) కణాలను చూసి విభజన అనుకోవద్దు.

ఉమ్మెత్త చతుష్కాల కోసమే. ఉల్లిలో మొదటి విభజన కాగానే కణాల మధ్య గోడ పడుతుంది, రెండేసి కణాల దశ విడిగా దొరుకుతుంది. ఉమ్మెత్తలో రెండు విభజనలూ ముగిశాకే గోడలు. మూడు కణాలు ఒక తలంలో, నాలుగోది ఫోకస్ తిప్పితేనే. మొక్క విషం, చేతులు కడుక్కోండి.

జిల్లేడు విభజనకు కాదు, పరాగం అమరిక చూడడానికి. పువ్వు మధ్య అయిదుమూలల తల మీద, ఒక మూలనున్న నల్ల చుక్కను సూదితో పైకి లాగితే రెండు పసుపు పరాగ ముద్దలు జంటగా వేలాడుతూ వస్తాయి.